రాగి పాలుపోసుకునే కాలం: ఏనుగుల ఆచూకీ తెలుసుకుని చేలోకి దిగండి

కార్తీకం వచ్చేసరికి పలమనేరు, కుప్పం చుట్టుపక్కల రాగి కంకి పాలుపోసుకుంటుంది, వరి పొట్టమీద ఉంటుంది. ఏనుగులు అడవి అంచుకు దిగేదీ అప్పుడే. తమిళనాడులో హోసూరు, కృష్ణగిరి వైపు కూడా అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా గుంపులు రాగి చేల వెంటే తిరుగుతుంటాయి. పెద్ద ఏనుగు రోజుకు దాదాపు 150 కిలోల మేత తింటుంది, వంద లీటర్లకు పైగా నీళ్లు తాగుతుంది. అడవిలో ఆకూ బెరడూ ఏరుకుంటూ రోజంతా తిరిగితే దొరికే మేత, పండిన చేలో ఒక్క రాత్రికే దొరుకుతుంది. ఒకసారి రుచి మరిగినది మళ్లీ రాకుండా ఉండదు.

మన దగ్గరికి ఇవి 1980ల్లో కర్ణాటక, తమిళనాడు అడవుల నుంచి వచ్చాయి. వాటికోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటయింది. విస్తీర్ణం సుమారు 357 చదరపు కిలోమీటర్లు. లెక్క చూస్తే పెద్దదే, కానీ దాని చుట్టూ ఊళ్లు, చేలు, బోర్లు. అందుకే ఏనుగు అడవి దాటి ఎప్పుడొచ్చినా ఎవరో ఒకరి పొలంలోనే కాలు పెడుతుంది.

ఈ కాలంలో జరిగే చావుల్లో ఎక్కువ భాగం ఏనుగు పక్కనే ఉన్న సంగతి తెలియక జరిగేవే. మసక చీకట్లో గెనిమ (పొలం గట్టు) మీద నడుస్తూ ఎదురుపడటం, మోటారు వేయడానికి పోయి చెట్ల చాటున ఉన్నదాన్ని చూడకపోవడం, బయలుకు పోయి ఇరుక్కోవడం. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర వైపు నుంచి ప్రాణహిత దాటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి ఒక ఒంటి ఏనుగు వచ్చి, రెండు రోజుల్లో ఇద్దరు రైతుల ప్రాణం తీసింది. అక్కడి జనానికి ఏనుగు అలవాటే లేదు, అది వస్తుందని ఎవరూ అనుకోలేదు. కాబట్టి టపాసులు, డప్పులు, టార్చిలైట్ల మాట తర్వాత. ఏ రోజుకారోజు పొద్దు గూకేలోపు అడగాల్సింది ఒక్కటే: గుంపు ఈ పూట ఎక్కడుంది?

జాడ చూడటం

ఊరికి ఇద్దరైనా జాడ చదవడం నేర్చుకోవాలి. ఫారెస్టు ట్రాకర్లు చేసేది ఇదే, మంత్రమేమీ లేదు. పొద్దున వెలుతురు బాగా వచ్చాక, ఇద్దరు ముగ్గురు కలిసి, అడవి అంచు బాటలు, చెరువు కట్ట, కుంట గట్టు చూసి రావాలి. అడవి లోపలికి పోయి వెతకొద్దు. ఆ పని ట్రాకర్లది.

ముందుకాలి అడుగు దాదాపు గుండ్రంగా ఉంటుంది, వెనకకాలిది కోలగా ఉంటుంది. గోళ్ల అచ్చు ఎటుంటే ఏనుగు అటు పోయినట్టు. మెత్తటి మట్టిలో ముందుకాలి అచ్చు చక్కగా పడితే దాని చుట్టూ ఒక దారం పెట్టి కొలవండి. ఆ కొలతకు రెట్టింపు వేస్తే భుజం దగ్గర ఏనుగు ఎత్తు దాదాపుగా తెలుస్తుంది. నాలుగడుగుల చుట్టు ఉంటే ఎనిమిదడుగుల ఏనుగన్నమాట. పెద్ద అచ్చుల మధ్య చిన్న అచ్చులు కలిసి ఉంటే పిల్లలున్న ఆడగుంపు. పెద్ద అచ్చు ఒక్కటే వరసగా పోయి ఉంటే ఒంటి మగది. ఈ రెండింటి తీరు వేరు. పిల్ల ఉన్న తల్లి మీరు కాస్త దగ్గరికొచ్చినా మీదికొస్తుంది. ఒంటిది ఏ దారిన వస్తుందో, ఏ చేలో తెల్లవార్లూ నిలబడుతుందో చెప్పలేం.

అడుగు ఎప్పటిదో కూడా తెలుసుకోవాలి. మంచు పడ్డ గడ్డి అణిగి, అణిగినచోట తడి చెదిరిపోయి ఉంటే అది తెల్లవారుజామున పోయినట్టు. అచ్చు మీద సాలెగూడు అల్లుకుని ఉన్నా, పురుగులు పాకిన గీతలున్నా పాతది. లద్దె ఇంకా బాగా చెబుతుంది. పైన జిగురులా నిగనిగలాడుతూ, వేడి తగులుతూ ఉంటే ఏనుగు ఇంకా దూరం పోలేదు, మీరే అక్కడి నుంచి వెనక్కి రండి. మెరుపు పోయి పైపొర ఎండితే కొన్ని గంటలైనట్టు. పుల్లతో విడదీస్తే లోపల రాగి గడ్డి ఉందా, పనస గింజలున్నాయా, వెదురు పీచుందా కనిపిస్తుంది. రాగి గడ్డి ఉంటే అది చేలకు అలవాటుపడ్డది, ఈ రాత్రి కూడా వస్తుందనే అనుకోండి.

మదం పట్టిన మగదాని సంగతి విడిగా గుర్తుపెట్టుకోవాలి. కంటికీ చెవికీ మధ్య చెంప మీద జిడ్డుగా కారిన చార ఉంటుంది, వెనకకాళ్లు ఒంటేలుతో తడిసి ఉంటాయి, ఘాటు వాసన దూరానికే కొడుతుంది. అలాంటిది తిరుగుతోందని తెలిస్తే అది ఆ చుట్టుపక్కల ఉన్నన్నాళ్లూ రాత్రి కాపలాకు పోకపోవడమే మంచిది. పంట పోతే పోనీ అని చెప్పడం నాకు తేలికే, అప్పు తెచ్చి మడి నాటినవాడికి అది ఎంత కష్టమో తెలుసు. అయినా ఆ మాటే చెబుతాను.

కబురు ఎలా పెట్టాలి

"ఏనుగులొచ్చినాయంట, జాగ్రత్త" అని గ్రూపులో పడే మెసేజీ ఎవరికీ పనికిరాదు. ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని, ఎటు అన్నది ఉండాలి. "అన్నా, సాయంత్రం ఆరుంపావుకి చెరువు తూముకి తూర్పున మామిడితోపులో నాలుగు పెద్దవి, ఒక పిల్ల. రోడ్డు వైపు తిరిగినాయి. నేనే చూసినా" అని పెట్టండి. చూసింది ఎవరో మెసేజీలో ఉంటే ఫారెస్టు బీట్ ఆఫీసరు తిరిగి ఫోన్ చేసి అడగగలడు. నిరుటి వీడియోను ఈరోజుదిగా పెట్టేవాళ్లను గ్రూపులోంచి తీసేయండి, మొహమాటపడొద్దు. రెండుసార్లు ఉత్తుత్తి కబురు వస్తే మూడోసారి నిజమైనదాన్ని ఎవరూ నమ్మరు.

ఈ కబురు మీ ఊరి గ్రూపు, ఫారెస్టు సిబ్బంది దాటి పోకూడదు. ఫేస్‌బుక్‌లో చోటు పేరుతో పెడితే పక్క పట్నం నుంచి బండ్ల మీద కుర్రాళ్లు వీడియోలకు దిగుతారు. గుంపు బెదిరి రెండుగా చీలుతుంది, రాత్రికి రెండు ఊళ్లకు ముప్పు. దంతాల మీద కన్నున్నవాళ్లకు మీరే దారి చూపినట్టూ అవుతుంది.

పొరుగు రాష్ట్రాల్లో దీన్ని పద్ధతిగా చేస్తున్నారు. తమిళనాడు వాల్పారైలో తేయాకు తోటల కూలీలకు దగ్గర్లో ఏనుగులుంటే ఫోన్లకు సందేశం వెళుతుంది, కూడళ్లలో ఎర్రలైటు వెలుగుతుంది. ఆ లైటు చూసి సాయంత్రం బస్సు దిగినవాళ్లు దారి మార్చుకుంటారు. కర్ణాటక హాసన్, కొడగు వైపు గుంపును నడిపించే ఆడ ఏనుగు మెడకు రేడియో కాలర్ (అది ఎక్కడుందో చెప్పే పట్టీ) కడతారు. గుంపంతా దాని వెంటే ఉంటుంది కాబట్టి ఒక్క కాలరుతో అన్నిటి జాడా తెలుస్తుంది. కాలరు కొంత వ్యవధికోసారి మాత్రమే చోటు చెబుతుంది, ఆ మధ్యలో ఏనుగు వాగు దాటి అవతలి ఊరు చేరిపోవచ్చు. కాలరు లేని ఒంటి మగది అందులో కనిపించదు. థర్మల్ కెమెరా డ్రోన్ చీకట్లో ఒంటి వేడిని పట్టేస్తుంది కానీ దట్టమైన చెట్ల కింద తడబడుతుంది. ఏ యంత్రం వచ్చినా పొద్దున జాడ చూసొచ్చే మనిషి పని తీరదు.

చేను దగ్గర

తెల్లవారుజామున మోటారు వేయడానికి ఒంటరిగా పోవడం మానండి. వీలైతే ఇంట్లోంచే ఫోన్‌తో మోటారు వేసే మొబైల్ స్టార్టర్ పెట్టించుకోండి. దానికీ ఒక మెలిక ఉంది. రాత్రి ఏనుగు వచ్చి స్టార్టరు పెట్టె పీకి, కేబుల్ తెంపి పోయి ఉంటే, మీరు ఇంట్లోంచి ఆన్ చేసిన కరెంటు తడి చేలో పారుతుంది. ఏనుగులు తిరిగాయని తెలిసిన రాత్రి ఫోన్‌తో ఆన్ చేయొద్దు. వెలుతురు వచ్చాక కేబుల్ చూసుకున్నాకే వేయండి. వంగిన స్తంభం, వేలాడే తీగ కనిపిస్తే 1912కు ఫోన్ చేయండి. పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో 2023 మేలో కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒకేసారి చచ్చిపోయాయి. ఏనుగు తొండానికి అందే ఎత్తులో తీగ, కంచె లేని ట్రాన్స్‌ఫార్మర్ మనిషికీ పశువుకీ కూడా ముప్పే.

కంచెకు లైను నుంచి నేరుగా కరెంటు ఇవ్వడం గురించి మెత్తగా చెప్పడానికేమీ లేదు. అది నేరం. 1972 వన్యప్రాణి చట్టంలో ఏనుగు మొదటి షెడ్యూలులో ఉంది, జైలు తప్పదు. అంతకుముందే ఆ తీగకు పక్క చేనువాడో, మీ ఇంటి పిల్లాడో తగులుకుంటాడు. సోలార్ కంచె వేరు. అది బ్యాటరీతో నడిచి సెకనులో చిన్న భాగంపాటు దెబ్బ కొట్టి వదిలేస్తుంది, ప్రాణం తీయదు. తీగకు గడ్డి, తీగచెట్లు తాకితే మాత్రం కరెంటంతా నేలలోకే పోతుంది. వారానికోసారి కింద గడ్డి కొట్టకపోతే కంచె ఉన్నా లేనట్టే. దంతానికి షాకు తగలదని పట్టేసిన మగవి దాంతోనే తీగ తెంపుతాయి, చెట్టును తోసి కంచె మీద పడేస్తాయి. కందకమూ అంతే, వానకు గట్టు కరిగి నిండినచోటే దారి చేసుకుంటాయి. సీజను ముందే పూడిక తీయించండి.

కొట్టిన రాగిని, బెల్లాన్ని, ఉప్పు బస్తాలను అడవి అంచు పాకలో ఉంచొద్దు. సారా, పులిసిన ఊట ఉంటే వాసనకే గోడ తోస్తుంది. కాపలా కాయక తప్పకపోతే నేలమీద గుడిసెలో పడుకోకండి, గట్టి చెట్టు మీద మంచె కట్టుకోండి, ముగ్గురికి తక్కువ కాకుండా ఉండండి. మందు తాగి కాపలాకు వచ్చేవాణ్ణి ఇంటికి పంపేయండి.

ఎదురుపడితే

వంద గజాల లోపలికి పోవద్దు. వినాయకుడని దండం పెట్టడానికి, అరటిపండ్లు పెట్టడానికి దగ్గరికి పోయేవాళ్లను చూస్తుంటాం. భక్తి ఉంటే దూరం నుంచే పెట్టుకోండి. దానికి చూపు కంటే వాసన బలం, గాలి మీ వైపు నుంచి దానివైపు వీస్తుంటే అది మిమ్మల్ని అప్పుడే కనిపెట్టేసినట్టు. చెవులు విప్పి, తొండం ఎత్తి, తల ఊపిందంటే హెచ్చరిక. మాట్లాడకుండా వెనక్కి నడవండి. తరిమితే పరుగులో దాన్ని గెలవలేరు. మన కొండల్లో నిటారు గుండ్లు దండిగా ఉన్నాయి, వాటి మీదికి అది ఎక్కలేదు. కండువా, సంచి ఏదైనా పడేస్తే ఒక్కోసారి దాన్ని తొక్కుతూ నిలబడుతుంది, ఆ సందులో తప్పించుకోవచ్చు. పల్లానికి ఏనుగు పరిగెత్తలేదన్న మాటను నమ్మొద్దు.

గుంపును తరమాల్సి వస్తే ఫారెస్టువాళ్లు వచ్చాకే. ఊరంతా నాలుగు వైపులా చుట్టి టపాసులు పేలిస్తే దానికి అడవి వైపు దారి ఉండదు, జనం మీదికే వస్తుంది. 2025 మేలో కర్ణాటక నుంచి వచ్చిన నాలుగు కుంకీ ఏనుగులను (అడవి ఏనుగులను తరమడానికి తర్ఫీదు ఇచ్చినవి) పలమనేరు దగ్గర ముసలిమడుగు క్యాంపులో పెట్టారు, అలాంటివాటిని తీసుకొస్తే మావటీలు చెప్పినట్టు వినండి, వీడియోలకు ఎగబడొద్దు.

పలమనేరు హైవే మీద రాత్రి బండి నడిపేవాళ్లకూ ఒక మాట. 2023 జూన్‌లో అక్కడ లారీ గుద్ది మూడు ఏనుగులు చనిపోయాయి. అడవి పక్క మలుపుల్లో వేగం తగ్గించండి. ఒకటి దాటిందంటే వెనక ఇంకా ఉంటాయి, హారన్ కొట్టకుండా ఆగండి.

శివరాత్రికి అడవిదారిన నడిచిపోయేవాళ్లు రాత్రిపూట బయలుదేరొద్దు. 2025 ఫిబ్రవరిలో అన్నమయ్య జిల్లా గుండాలకోన దారిలో భక్తుల మీద ఏనుగులు పడి ప్రాణాలు తీశాయి. ఫారెస్టు చెక్‌పోస్టులో ఆ రోజు గుంపు ఎటుందో అడిగి, వెలుతురు ఉండగానే గుంపుగా పోయి రండి.

పంట తొక్కేస్తే వెంటనే చేను బాగుచేయడానికి దిగకండి. అధికారి వచ్చి పంచనామా రాసేదాకా అలాగే ఉంచి, ఫోటోలు తీయండి. అడుగు అచ్చు ఫోటో తీసేటప్పుడు పక్కన చెప్పు పెట్టండి, సైజు తెలుస్తుంది. పాస్‌బుక్కు, ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులు ముందే తీసి పెట్టుకోండి. కౌలుకు చేసేవాళ్లు కౌలు కార్డు ఈలోపే తీసుకోండి, అది లేకపోతే పరిహారం నేల సొంతదారు పేరునే పడుతుంది.