ఓపీసీ యూఏ స్వయంబోధిని – 6వ పాఠం: క్లయింట్ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించి ఎంచుకోవడం

ఓపీసీ యూఏ అంటే ఫ్యాక్టరీ యంత్రాల విలువలను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి అందించే ప్రమాణం; విలువలు ఇచ్చేది సర్వర్, అడిగి తీసుకునేది క్లయింట్. క్లయింట్‌ను సర్వర్‌కు కలపాలని గత పాఠంలో ఇచ్చిన అభ్యాసం చాలామందికి ఒకే చోట ఆగిపోయింది. సర్వర్ ఐపీ చిరునామా, 4840 పోర్టు ఇస్తే ఎండ్‌పాయింట్ల (కనెక్ట్ కావడానికి సర్వర్ ఇచ్చే చిరునామాల) జాబితా వెంటనే వచ్చిందనీ, అందులో ఒకదాన్ని ఎంచుకుని కనెక్ట్ నొక్కితే మాత్రం సర్వర్ దొరకలేదన్న సందేశం వచ్చిందనీ రాశారు. కొందరు ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపి చూశారు. జాబితా వచ్చిందంటేనే పోర్టు తెరిచి ఉన్నట్టు లెక్క. కాబట్టి ముందు ఆ ఫైర్‌వాల్‌ను తిరిగి ఆన్ చేయండి.

అసలు కారణం ఇది. జాబితాను పంపేటప్పుడు సర్వర్ తన చిరునామాను సాధారణంగా తన కంప్యూటర్ పేరుతో రాస్తుంది. మీరు 192.168.1.20 అని ఇచ్చినా, తిరిగి వచ్చిన వరుసలో ‘లైన్2సర్వర్’ వంటి పేరు ఉంటుంది. క్లయింట్ రెండోసారి వెళ్లేది ఆ పేరు దగ్గరికే. ప్లాంటు నెట్‌వర్క్‌లో డీఎన్ఎస్ (పేరుకు ఐపీ చిరునామా చెప్పే సేవ) లేకపోతే ఆ పేరు ఏ యంత్రానిదో మీ లాప్‌టాప్‌కు తెలియదు. పరీక్షల వరకైతే నేను విండోస్ హోస్ట్స్ ఫైలులో ఆ పేరునూ ఐపీనీ కలిపి ఒక వరుస చేర్చి ముందుకు వెళతాను. శాశ్వతంగా సరిచేయాలంటే సర్వర్ సెట్టింగుల్లో చిరునామాను మార్చి, సర్వర్ తన గుర్తింపుగా చూపే సర్టిఫికెట్‌లో కూడా అదే పేరో ఐపీయో ఉండేలా చూడాలి. ఈ సంగతి గత పాఠంలోనే చెప్పవలసింది.

మీకు ఎదురైన ఈ ఇబ్బందినే క్లయింట్‌కు పెట్టే మొదటి పరీక్షగా తీసుకుందాం. ఉచితంగా దొరికే యూఏ ఎక్స్‌పర్ట్ అనే క్లయింట్ ఇలాంటి సందర్భంలో పేరు తేడాను గుర్తించి, మీరు ఇచ్చిన చిరునామానే వాడమంటారా అని అడుగుతుంది. ‘కనెక్షన్ విఫలమైంది’ అని మాత్రమే చెప్పి ఊరుకునే సాఫ్ట్‌వేర్ రాత్రి షిఫ్టులో ఒంటరిగా ఉన్న టెక్నీషియన్‌కు ఏ విధంగానూ సాయపడదు. పేరు తెలియకపోవడం, సర్టిఫికెట్‌ను సర్వర్ నమ్మకపోవడం, పాస్‌వర్డ్ తప్పడం అనే మూడింటికీ మూడు వేర్వేరు సందేశాలు రావాలి. భద్రత విషయంలో బేసిక్256షా256 అనే గుప్తీకరణ విధానం లేని క్లయింట్‌ను నేను పరిశీలనకే తీసుకోను; దానికంటే పాతదైన బేసిక్128ఆర్‌ఎస్‌ఏ15ను ప్రమాణమే పక్కన పెట్టింది.

ట్యాగ్‌లను (సర్వర్‌లో పేరున్న ఒక్కో విలువను) వెతకడం, వాటిని లాగి జాబితాలో వేయడం మీకు వచ్చు కాబట్టి ఆ భాగం వదిలేస్తున్నాను. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నిదానంగా చదవండి, ఎందుకంటే అనుభవం ఉన్న ఇంజినీర్లు కూడా ఇక్కడే మోసపోవడం నేను పదే పదే చూశాను.

చాలా క్లయింట్లలో ‘అప్‌డేట్ రేట్’ అని ఒకే గడి ఉంటుంది. అందులో 1000 (మిల్లీసెకన్లు) అని వేస్తే సెకనుకోసారి విలువలు వస్తాయి, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. నిజానికి అక్కడ మూడు వేర్వేరు సంగతులున్నాయి. సర్వర్ ఎంత తరచుగా విలువను గమనిస్తుందన్నది శాంప్లింగ్ ఇంటర్వెల్. గమనించిన వాటిని ఎంత తరచుగా మూటకట్టి పంపుతుందన్నది పబ్లిషింగ్ ఇంటర్వెల్. పంపేలోగా ఒక్కో ట్యాగ్‌కు ఎన్ని విలువలు దాచిపెడుతుందన్నది క్యూ సైజ్.

ప్రతి 200 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున పెరిగే కౌంటర్ ట్యాగ్‌ను తీసుకోండి. శాంప్లింగ్ 100, పబ్లిషింగ్ 1000, క్యూ సైజ్ 1 అని పెడితే, సెకనులో ఐదు విలువలు మారినా క్యూలో చివరిదే మిగులుతుంది. లాగ్ ఫైలు తెరిచి చూస్తే 4101, 4106, 4111, 4116 అని ఐదేసి అంకెల దూకుడు కనిపిస్తుంది, ప్రతి వరుస పక్కనా నాణ్యత బాగుందని చెప్పే ‘గుడ్’ అనే ఉంటుంది. క్యూ సైజ్ 3 చేస్తే మూడు విలువలు వస్తాయి, పైగా క్యూ పొంగిందని చెప్పే ఓవర్‌ఫ్లో గుర్తు విలువతో పాటు వచ్చే స్టేటస్ కోడ్‌లో కనిపిస్తుంది. క్యూ సైజ్ 1 అయినప్పుడు ఆ గుర్తు పెట్టరు. అంటే నాలుగు విలువలు పోయినా సర్వర్ మాట్లాడదు, క్లయింట్‌కు తెలియదు, రిపోర్టు చదివేవారికి అనుమానమైనా రాదు.

కౌంటర్ పోతే పోయిందిలే అనిపించవచ్చు. ఒక మందుల తయారీ ప్లాంటులో రియాక్టర్ కూలింగ్ నీటి ఫ్లో స్విచ్ ఒకటి 300 మిల్లీసెకన్ల పాటు పడిపోయి మళ్లీ లేచేది. ఆపరేటర్ బజర్ విన్నానంటాడు, రిపోర్టులో మాత్రం ఆ సంఘటన ఉండదు. రెండు రోజులు పీఎల్‌సీ (యంత్రాలను నడిపే కంట్రోలర్) ప్రోగ్రాం వెతికాం, ఆపరేటర్ మాటను అనుమానించాం. ఆ స్విచ్ బిట్ 1 నుంచి 0కి పడి మళ్లీ 1కి రావడం ఒకే పబ్లిషింగ్ వ్యవధిలో జరిగిపోవడం వల్ల, క్యూలో మిగిలింది ఆ చివరి 1 మాత్రమే. ఆపరేటర్ చెప్పింది అక్షరాలా నిజం.

దీనికి తోడు, మీరు అడిగిన అంకెలన్నీ సర్వర్ ఒప్పుకోవాలన్న నియమం లేదు. 100 అడిగితే 500 ఇస్తానని జవాబులో సవరించి చెప్పే హక్కు దానికి ఉంది. క్యూ సైజ్‌నూ అలాగే తగ్గించవచ్చు. మంచి క్లయింట్ ఆ సవరించిన అంకెను చూపుతుంది, నాసిరకంది మీరు టైప్ చేసిన 100నే చూపిస్తూ ఉంటుంది. అది చూపకపోతే, సెక్యూరిటీ మోడ్ ‘నన్’గా (గుప్తీకరణ లేకుండా) పెట్టిన టెస్ట్ సర్వర్ మీద, నెట్‌వర్క్ సందేశాలను చూపే వైర్‌షార్క్‌తో ఆ జవాబును మీరే చదవండి.

ఇక కేబుల్ పరీక్ష. తీయవలసిన కేబుళ్లు రెండు. పీఎల్‌సీకీ సర్వర్‌కూ మధ్య ఉన్నది తీస్తే, నాణ్యత చెడిందని సర్వరే చెబుతుంది. క్లయింట్ దాన్ని రంగు మార్చి చూపితే చాలు. సర్వర్‌కూ క్లయింట్‌కూ మధ్య ఉన్నది తీసినప్పుడు చెప్పేవారెవరూ ఉండరు, క్లయింటే గ్రహించాలి. పబ్లిషింగ్ 1000, కీప్‌అలైవ్ కౌంట్ (కొత్త విలువలు లేకపోయినా ఎన్ని పబ్లిషింగ్ వ్యవధులకోసారి సర్వర్ ‘ఉన్నాను’ అని చెప్పాలన్నది) 10 అయితే, విలువలేవీ మారనప్పుడు పది సెకన్ల మౌనం సహజమే. ఆ గడువు దాటాక కూడా పాత ఉష్ణోగ్రతను తెరమీద ఆకుపచ్చగా నిలిపి ఉంచే క్లయింట్‌ను, ధర ఎంత తక్కువైనా, కొనవద్దు.

అభ్యాసానికి ఒక పూట కేటాయించండి. సిమ్యులేషన్ సర్వర్‌లో 200 మిల్లీసెకన్ల కౌంటర్‌ను నడిపి, రెండు క్లయింట్లలో క్యూ సైజ్ 1, 3, 10తో అరగంట చొప్పున లాగ్ చేయండి. ఒక్కో అరగంటకు 9,000 విలువలు రావాలి. క్యూ 1తో దాదాపు 1,800 వస్తాయి. తర్వాత క్యూ 10తోనే రెండో కేబుల్‌ను ఒకసారి 5 సెకన్లు, మరోసారి 2 నిమిషాలు తీసి ఉంచి, తిరిగి పెట్టాక లాగ్ ఏ అంకె దగ్గర ఆగిందో, ఏ అంకెతో మళ్లీ మొదలైందో, మధ్యలో మీరు ఏదైనా బటన్ నొక్కవలసి వచ్చిందో లేదో రాసుకోండి. 7వ పాఠం ఆ కాగితం ముందు పెట్టుకునే చదవాలి.