ఫ్రెండ్స్‌తో కైట్‌బోర్డింగ్‌కి సముద్రానికి వెళ్తే ఆ రోజుని ఎలా ప్లాన్ చేస్కోవాలి

కైట్‌బోర్డింగ్ అంటే పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే కాళ్ళ కింద బోర్డుతో నీళ్ళ మీద జారే ఆట. ఈ ట్రిప్‌కి మామూలు బీచ్ ట్రిప్ లాగా డేట్ అనుకుని బయల్దేరితే చాలాసార్లు ఒడ్డున కూర్చుని తిరిగి రావాల్సి వస్తుంది, డేట్ చెప్పాల్సింది గాలే కాబట్టి. అందుకే గ్రూప్‌లో ముందే చెప్పేయండి, శని ఆదివారాలు రెండూ ఖాళీగా ఉంచుకోండి, ముందు రోజు రాత్రి ఫోర్‌కాస్ట్ చూసి ఏ రోజో చెప్తాం అని. గాలి ఫోర్‌కాస్ట్ చెప్పే విండీ, విండ్‌గురు యాప్‌లు రెండూ చూడండి, రెండూ ఒకే మాట చెప్తుంటే బయల్దేరొచ్చు, ఒకటి 12 నాట్లు ఇంకోటి 22 నాట్లు అంటుంటే ఆ రోజు మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు. గ్రూప్‌లో కొత్తగా నేర్చుకున్నవాళ్ళు ఉంటే 12 నుంచి 18 నాట్లు హాయిగా ఉంటుంది, 25 దాటితే బాగా అలవాటున్నవాళ్ళకే వదిలేయండి.

స్పీడ్ సరిపోయింది కదా అని వెంటనే బ్యాగ్ సర్దేయకండి, గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో చూడండి, నా లెక్కలో అదే పెద్ద విషయం. ఒడ్డుకి సమాంతరంగా వీచే గాలి గానీ, సముద్రం వైపు నుంచి ఏటవాలుగా ఒడ్డుకి వచ్చే గాలి గానీ అయితే మంచిది, ఏటవాలు గాలిలో బోర్డు పోయినా కైట్ నీళ్ళలో పడినా చివరికి ఎక్కడో ఒకచోట ఒడ్డుకే చేరతారు. సముద్రం నుంచి నేరుగా ఒడ్డుకి కొట్టే గాలైతే లోపలికి వెళ్ళడమే కష్టం, పైగా మనల్ని వెనక్కి బీచ్ మీదకే లాగుతుంది. ఇక నేల మీద నుంచి సముద్రంలోకి వీచే ఆఫ్‌షోర్ గాలి, అందులో ఒడ్డు దగ్గర నీళ్ళు చదునుగా అద్దంలా ఉండి రమ్మని పిలుస్తున్నట్టే ఉంటాయి గానీ కైట్ పడిందంటే ఇంకా ఇంకా లోపలికే కొట్టుకుపోతారు, రెస్క్యూ బోటు రెడీగా లేకపోతే ఎవరెంత బతిమాలినా దిగొద్దు.

తెల్లారకముందే లేచి పరిగెత్తాల్సిన పని చాలా తీరాల్లో ఉండదు. ఎండకి నేల వేడెక్కి దాని పైన గాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది, మనం ఆడేది ఎక్కువగా ఆ గాలితోనే, అది పొద్దెక్కాక మొదలై మధ్యాహ్నం బలపడి సాయంత్రానికి తగ్గిపోతుంది. అందుకని పొద్దున టైముని బీచ్ చూడ్డానికి వాడుకోండి, పోటు ఎప్పుడు ఆటు ఎప్పుడు, పోటు పూర్తిగా వచ్చినప్పుడు కైట్ దింపుకోడానికి ఇసుక మిగుల్తుందా, రాళ్ళు ఎక్కడున్నాయి, చెట్లు కరెంటు తీగలు ఎంత దూరం అన్నీ నడిచి చూడండి. అక్కడ రోజూ ఆడేవాళ్ళు కనిపిస్తే వెళ్ళి అడగండి, ఏ యాప్‌లోనూ లేని విషయాలు చెప్తారు.

కైట్ సైజు దగ్గర ఫ్రెండ్స్ మధ్య పోటీ పెట్టుకోకండి. 75 కేజీల మనిషికి 15 నాట్లలో 12 చదరపు మీటర్ల కైట్ సరిపోతుంది, అదే మనిషికి 25 నాట్లలో 7 లేదా 8 చాలు. గాలి స్పీడ్ పెరిగితే లాగే బలం దాని వర్గంలో పెరుగుతుంది, అంటే 15 నాట్లు 21 అయ్యేసరికి బలం దాదాపు రెట్టింపు, చూడ్డానికి తేడా కొంచెమే అనిపిస్తుంది గానీ చేతులకి అలా ఉండదు. రెండు సైజుల మధ్య డౌట్ వస్తే చిన్నదే వేసుకోండి. హెల్మెట్, ఇంపాక్ట్ వెస్ట్ (దెబ్బ తగలకుండా వేసుకునే మెత్తటి జాకెట్), లీష్ (కైట్‌ని మనిషికి కలిపి ఉంచే తాడు), హార్నెస్‌లో (నడుముకి కట్టుకునే బెల్ట్) పెట్టుకునే, కైట్ లైన్లని (తాళ్ళని) కట్ చేసే చిన్న కత్తి ఇవి అందరికీ ఉండాలి. గ్రూప్‌లో అస్సలు రానివాళ్ళుంటే ఇన్‌స్ట్రక్టర్ దగ్గర క్లాసులు తీస్కోమనండి, మనమే నేర్పిద్దాం అనుకోవద్దు, ఎంత బాగా ఆడే ఫ్రెండ్ అయినా సరే.

ఇప్పుడు అసలు సంగతి, ఫ్రెండ్స్‌తో వెళ్ళడం వల్ల వచ్చే పెద్ద లాభం ఏంటంటే కైట్ లేపేటప్పుడు దింపేటప్పుడు పట్టుకోడానికి నమ్మకమైన చెయ్యి ఉంటుంది, ప్రమాదాలు ఎక్కువగా అయ్యేది కూడా ఒడ్డున ఈ రెండు టైముల్లోనే. జంటలుగా విడిపోండి, ఎవరి కైట్ ఎవరు పట్టుకోవాలో ముందే అనుకోండి. కైట్‌కి గట్టిగా గాలి కొట్టి, ముందు ట్యూబు గాలికి ఎదురుగా నేలకి ఆనేలా బోర్లా పెట్టి మీద బాగా ఇసుక వెయ్యండి. 20 మీటర్లకి పైగా ఉండే లైన్లని ఒక్కోటీ వేళ్ళ మధ్య జార్చుకుంటూ చివరిదాకా నడవండి, మధ్య లైన్లు ముందు ట్యూబుకి, బయటి రెండూ రెక్కల చివర్లకి, బార్‌కి (చేతులతో పట్టుకుని కైట్‌ని నడిపే కడ్డీ) ఎర్ర వైపు ఎడమ చేతికి. ఇక్కడ ఒక్క లైన్ తారుమారైనా కైట్ లేవగానే గిరగిరా తిరుగుతూ మనిషిని లాక్కెళ్తుంది, అందుకే మీరు చూశాక మీ ఫ్రెండ్ కూడా ఇంకోసారి చూడాలి.

పట్టుకునే మనిషి ముందు ట్యూబు మధ్యలో పట్టుకుని కైట్‌ని పక్కకి నిలబెట్టాలి. కైట్ రెపరెపలాడుతున్నా, వదలకముందే చేతుల్లోంచి గుంజేస్తున్నా రైడర్ నిలబడ్డ చోటు తప్పని అర్థం, అతను జరిగి సరిచేసుకునేదాకా పట్టుకునే ఉండాలి. వెనకా ముందూ మనుషులు లేరని ఇద్దరూ చూశాక రైడర్ బొటనవేలు పైకెత్తితే అప్పుడు వదలాలి, పైకి విసరకూడదు, ఊరికే చెయ్యి తీసేస్తే చాలు అదే లేస్తుంది. లేచిన కైట్‌తో ఒడ్డున నిలబడి ఫోటోలకి ఫోజులొద్దు, నేరుగా నీళ్ళలోకి నడిచేయండి.

లేపేముందు క్విక్ రిలీజ్‌ని (తొయ్యగానే కైట్ లాగడం ఆపేసే మీట) కళ్ళు మూసుకుని ఐదారు సార్లు తడిమి చూడండి. ఏదైనా తేడా వస్తే ముందు బార్ వదిలేయండి, చాలాసార్లు దానికే కైట్ బలం పోతుంది. అప్పటికీ లాగుతుంటే చికెన్ లూప్ (బార్‌ని హార్నెస్‌కి తగిలించే లూప్) దగ్గరున్న ఆ క్విక్ రిలీజ్ తొయ్యాలి, కైట్ ఒక్క లైన్ మీద వేలాడుతూ పడిపోతుంది. అదీ పని చెయ్యకపోతే లీష్ కూడా వదిలేయండి, గాలి వెళ్ళే వైపు మనుషులుంటే వాళ్ళకి తగలొచ్చు కాబట్టి ఇది ఆఖరిది. భయంలో అందరూ బార్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంటారు, అది వదలడం చేతికి అలవాటు కావాలి.

నీళ్ళలో ఎదురెదురుగా వస్తే కుడి చెయ్యి ముందున్నవాళ్ళకి దారి, గాలి వచ్చే వైపు ఉన్నవాళ్ళు కైట్ పైకి ఎత్తాలి, రెండోవాళ్ళు కిందకి దించాలి. ఒడ్డు నుంచి బయల్దేరేవాళ్ళకి ఒడ్డుకి వచ్చేవాళ్ళు దారివ్వాలి. ఈతకొట్టేవాళ్ళకి బాగా దూరంగా ఉండండి. ఈదుకుంటూ రాలేనంత దూరం ఎవరూ వెళ్ళొద్దు, నల్లమబ్బు కనిపించినా గాలి ఒక్కసారిగా చల్లబడినా ఇంకో రౌండ్ అనకుండా అందరూ బయటికి వచ్చేయండి, ఉరుముల వాన ముందు గాలి నిమిషాల్లో రెట్టింపు అవ్వచ్చు.

కైట్ ఆడని ఫ్రెండ్ ఒకరు వస్తే వాళ్ళకి నిజమైన పని ఇవ్వండి, ఏ రంగు కైట్ ఎవరిదో రాసిచ్చి నీళ్ళలో ఎన్ని కైట్లున్నాయో అప్పుడప్పుడూ లెక్కపెట్టమనండి, తీర రక్షణ నంబరు వాళ్ళ ఫోన్‌లో ఉండాలి. కైట్ ఎవరిదైనా పడి చాలాసేపు లేవకపోతే చెప్పేది వాళ్ళే. ఆడని వాళ్ళు లేకపోతే వంతులవారీగా ఒకరు ఒడ్డునే ఉండండి.

దిగాలనుకున్నప్పుడు రైడర్ చేత్తో తల మీద తట్టి చూపిస్తారు. ఒడ్డునున్నవాళ్ళు కైట్ కిందికొచ్చాక ముందు ట్యూబునే పట్టుకోవాలి, లైన్లు మాత్రం ముట్టుకోవద్దు, బరువు పడ్డ లైన్ వేళ్ళని కోసేస్తుంది. పట్టుకుని రైడర్ వైపు నాలుగడుగులు వేస్తే లైన్లు వదులవుతాయి. గాలి పడిపోయేదాకా ఆగకుండా వెలుతురుండగానే అందరి కైట్లూ దింపేయండి, గాలి లేని కైట్‌తో నీళ్ళలో ఉండిపోవడం చాలా కష్టం. తర్వాత బార్, క్విక్ రిలీజ్ మంచినీళ్ళతో కడగండి, అందులో ఇసుక ఇరుక్కుంటే వచ్చేసారి తొయ్యాల్సినప్పుడు కదలదు. కైట్‌ని నీడలో ఆరబెట్టి మడవండి, ఎండకి బట్ట పాడవుతుంది, తడిగా మడిస్తే బూజు పడుతుంది, టైం లేక తడిగానే సంచిలో పెట్టాల్సొస్తే ఇంటికెళ్ళగానే తీసి పరవండి.