బూట్ సమయంలో డేటాబేస్ సర్వర్ ఆలస్యంగా మొదలవుతుంటే ఏం చేయాలి?

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ మీద మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ నడిపే బిల్లింగ్ సర్వర్లు, కరెంటు పోయి వచ్చిన తరువాత, ధాన్యం లారీలు కాంటా దగ్గర ఆగి ఉన్నా ఎంతకీ సిద్ధం కాకపోతే, ఆ ఆలస్యం డేటాబేస్‌దా, దానికి ముందు మరో సర్వీస్ కోసం ఎదురుచూడటం వల్ల వచ్చిందా అనేది మొదట తేల్చుకోవాలి.

ఉబుంటులో సర్వీసులను మొదలుపెట్టి నడిపే ప్రోగ్రామ్ పేరు సిస్టమ్‌డీ. ఏ సర్వీస్ దేనికోసం ఆగిందో చూడటానికి టెర్మినల్‌లో సిస్టమ్‌డీ-అనలైజ్ క్రిటికల్-చైన్ అనే ఆదేశం ఇచ్చి, దాని చివర మైఎస్‌క్యూఎల్ సర్వీస్ పేరు చేర్చాలి. ఒక్కో సర్వీస్ ఎంత సమయం తీసుకుందో చూపే బ్లేమ్ అనే ఆదేశం కూడా ఉంది గానీ, దాని జాబితాలో పైన ఉన్న సర్వీసే దోషి అని అనుకోకూడదు. క్రిటికల్-చైన్‌లో నెట్‌వర్క్ సిద్ధమయ్యే దాకా ఆగే వెయిట్-ఆన్‌లైన్ సర్వీస్ కనిపిస్తే, కేబుల్ పెట్టని రెండో ల్యాన్ పోర్టు కోసం యంత్రం 120 సెకన్ల దాకా ఆగుతూ ఉండవచ్చు. ఉబుంటు నెట్‌వర్క్ అమరికలుండే నెట్‌ప్లాన్ ఫైలులో ఆ పోర్టును ఆప్షనల్‌గా గుర్తిస్తే సరిపోతుంది.

అక్కడ ఏమీ దొరక్కపోతే మైఎస్‌క్యూఎల్ ఎర్రర్ లాగ్ తెరవాలి. అందులో క్రాష్ రికవరీ అనే మాట ఉంటే, కరెంటు పోయినప్పుడు డేటా ఫైళ్లలోకి చేరని మార్పులను ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్‌లో డేటాను నిల్వచేసే భాగం) రీడూ లాగ్ నుంచి, అంటే మార్పులను ముందుగా రాసిపెట్టుకునే ఫైళ్ల నుంచి, చదివి మళ్లీ వేస్తోందని అర్థం. ఇక్కడే చాలామంది ఓపిక పట్టలేక సర్వర్‌ను మళ్లీ రీస్టార్ట్ చేస్తారు. అలా చేస్తే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది. రీడూ లాగ్ ఫైళ్లను తీసేయమనే సలహాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పాటించకూడదు, ఎందుకంటే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది.

రికవరీ పూర్తికాకముందే సిస్టమ్‌డీ తనే ప్రక్రియను ఆపేస్తుంటే, సర్వీస్ మొదలవడానికి సిస్టమ్‌డీ ఇచ్చే గడువును చూడాలి. సిస్టమ్‌డీ మామూలు గడువు 90 సెకన్లు, అయితే ప్యాకేజీని బట్టి మారుతుంది. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ ద్వారా టైమ్అవుట్‌స్టార్ట్‌సెక్ విలువను పెంచవచ్చు. మరోవైపు, రీడూ లాగ్ సామర్థ్యాన్ని మైఎస్‌క్యూఎల్ 8.0.30 వెర్షన్ నుంచి ఉన్న 100 మెగాబైట్ల డిఫాల్ట్ విలువ నుంచి అనేక గిగాబైట్లకు పెంచి ఉంటే రాతలు వేగంగా సాగుతాయి, కానీ రికవరీకి ఎక్కువ సమయం పట్టవచ్చు. చిన్న మిల్లుకు అంత అవసరం ఉండదని నా అభిప్రాయం.

వేలకొద్దీ టేబుళ్లు పాత హార్డ్ డిస్క్ మీద ఉంటే, ప్రతి టేబుల్ ఫైలు దారిని సరిచూడటమే చాలా సేపు తీసుకుంటుంది; 8.0.21 నుంచి ఆ తనిఖీని ఆపే వీలుంది, అయితే ఫైళ్లను చేతితో వేరేచోటికి జరపని వారికే అది తగినది.

వీటన్నిటికంటే ముఖ్యం యూపీఎస్. బ్యాటరీ అడుగంటక ముందే సర్వర్‌ను పద్ధతిగా ఆపేలా యూపీఎస్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, నట్ (నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్) సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలి. ఏ మార్పైనా ఒక్కటొక్కటిగా చేసి, మిల్లు మూసిన తరువాత రీబూట్ చేసి, ఎర్రర్ లాగ్‌లో స్టార్టింగ్ అనే వరుసకూ, రెడీ ఫర్ కనెక్షన్స్ అనే వరుసకూ మధ్య సమయాన్ని రాసి పెట్టుకోవాలి.