పత్తి తిరగేయడానికి వెదురు పంజా: ఇంట్లోనే చేసుకునే పద్ధతి

నేను ఉండేది విశాఖలో, మా అత్తగారిది సాలూరు వైపు ఊరు. ఏటా పత్తి తీత మొదలయ్యాక నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్తాను. తీసిన పత్తిని ఆరబోశాక ఆడవాళ్లు పొద్దంతా వంగి ఒట్టి చేతులతో తిరగేస్తూ ఉంటారు, ఎండిన కాయ తొక్కల మొనలు గోళ్ల సందుల్లో గుచ్చుకుంటాయి, సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. పారతో చేస్తే పని త్వరగా అవుతుంది కానీ పత్తి నలిగి, పైనున్న ఆకు ముక్కలు పొడై దూదిలోకి దిగిపోతాయి, ఆ తర్వాత వాటిని ఎవరూ ఏరలేరు. అందుకని వేళ్లలాగే పనిచేసే పనిముట్టు ఒకటి కావాలనిపించింది.

మొదటిసారి ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షాపులో ఇనుప కడ్డీలతో చేయించాను. మన సముద్రపు గాలికి నెల తిరగకుండానే తుప్పు పట్టింది, ఆ తుప్పు మరక తెల్లటి పత్తికి అంటుకుంటే ఇక పోదు. పైగా వెల్డింగ్ దగ్గర మిగిలిన చిన్న చిన్న ముళ్లకు పోగులు తగులుకుని తెగాయి. బరువు కూడా ఎక్కువే, గంటసేపు పట్టుకుంటే మణికట్టు లాగేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయించుకోవచ్చు, కానీ ఖర్చు, బరువు రెండూ ఉంటాయి. వెదురైతే తేలిక, తుప్పు పట్టదు, రాయికి తగిలినా నిప్పురవ్వ రాదు. పత్తి కుప్ప దగ్గర ఈ చివరి మాట చాలా ముఖ్యం.

కొలతల గురించి కాస్త ఓపిగ్గా చదవండి, పంజా బాగా పనిచేయాలంటే అసలు కిటుకు అక్కడే ఉంది. పళ్ల మధ్య సందు ఎంత ఉండాలన్నది పత్తే చెబుతుంది. మన దగ్గర ఎక్కువగా పండే పత్తిలో పోగు పొడవు సుమారు 25 నుంచి 32 మిల్లీమీటర్లు, కాయలోంచి తీసిన తొనలు ఒకదానికొకటి అల్లుకుని ముద్దలుగా వస్తాయి. సందు మరీ ఇరుకైతే అది దువ్వెన అయిపోయి పోగును లాగేస్తుంది, మరీ వెడల్పైతే పత్తి జారిపోతుంది. నాకు 18 మిల్లీమీటర్ల సందు సరిపోయింది: ముద్ద పైన నిలబడుతుంది, విదిలిస్తే ఎండుటాకు, తొక్క ముక్కలు కిందికి రాలతాయి. దువ్వెన పనికి వేరే పనిముట్టు ఉంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు కోసం పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు, దాని పళ్లు దగ్గర దగ్గరగా సన్నగా ఉంటాయి. అది పోగును సాపు చేసే పని, మనది ఎత్తి తిరగేసే పని. ఈ రెండూ ఒకే పనిముట్టుతో చేద్దామనుకోకండి.

పళ్లు బిగించే తల కోసం 18 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు, 2.5 మందం ఉన్న చెక్క ముక్క తీసుకోండి. బాగా ఎండిన వేప గానీ మామిడి గానీ చాలు, వడ్రంగి దగ్గర మిగిలిన ముక్కల్లో దొరుకుతుంది. సన్నటి అంచు మీద, ఒక చివరి నుంచి 1.2 సెంటీమీటర్ల దగ్గర మొదటి గుర్తు, అక్కడి నుంచి 2.6 చొప్పున మొత్తం ఏడు గుర్తులు పెట్టి, 8 మిల్లీమీటర్ల బిట్‌తో 3 సెంటీమీటర్ల లోతుకు రంధ్రాలు చేయండి. డ్రిల్లు నిటారుగా పట్టుకోవాలి, ఒక్కటి పక్కకు పోయినా సందులన్నీ తేడా వస్తాయి.

పళ్లకు ముదురు వెదురే కావాలి, బుట్టలల్లే వాళ్ల దగ్గర అడిగి కణుపులు లేని బద్దలు తీసుకోండి. ఒక్కోటి 20 సెంటీమీటర్లు. మొదలు రంధ్రంలో బిగుతుగా దిగేంత లావుండాలి, కొస వైపు సన్నబడాలి. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున స్టవ్ మంట మీద చివరి నాలుగు సెంటీమీటర్లు వేడిచేసి, మనం దోసిలి పట్టినప్పుడు వేళ్లు వంగేంత మాత్రమే వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. వెదురు నున్నటి పైతొక్క వంపుకు బయటి వైపు, అంటే నేలను తాకే వైపు ఉండాలి. లోపలి వైపు పెట్టి వంచితే ఫట్టుమని చీలిపోతుంది. తర్వాత రెండు రోజులు నీడలో ఆరనివ్వండి, పచ్చిగా ఉన్నప్పుడు బిగిస్తే ఎండాక వదులైపోతాయి.

కొసలు గుండ్రంగా అరగదీయడానికి సగం రోజు పట్టినా పట్టనివ్వండి. ముందు ఆకురాయి, తర్వాత గరుకు కాగితం. అయిందనుకున్నాక పాత పట్టుచీర ముక్క మీద ఒక్కో పన్నునూ లాగి చూడండి, ఒక్క పోగు తగులుకున్నా ఆ పన్ను ఇంకా అవలేదన్నమాటే. వార్నిష్, నూనె వద్దు. నూనె మరక పడుతుంది, వార్నిష్ పెచ్చులూడి పత్తిలో కలుస్తుంది.

పిడి ఎంత ఉండాలో వాడే మనిషిని అడిగి పెట్టండి. నేను నా చేతికి కుదిరేలా లావుగా పెట్టేసరికి మా అత్తగారు పట్టుకుని చూసి, "బాబూ, ఇది రోకలిబండలా ఉంది, వేళ్లు కలవట్లేదు" అన్నారు. దాన్ని 3 సెంటీమీటర్లకు తగ్గించాక ఆవిడ రోజంతా వాడారు. కూర్చుని చేసేవాళ్లకు 30 సెంటీమీటర్లు, నిలబడి చేసేవాళ్లకు నడుము దాకా వచ్చేంత పొడవు. పిడిని తలకు బిగించి చుట్టూ కట్టేటప్పుడు నూలు తాడే వాడండి. నైలాన్ పోగు గానీ గోనె పీచు గానీ ఊడి పత్తిలో పడితే మిల్లులో వేరు చేయడం చాలా కష్టం. ఆరబోయడానికి కూడా అందుకే ప్లాస్టిక్ పట్టాల బదులు పాత నూలు చీరలు పరుస్తున్నాం.

వాడేటప్పుడు పళ్లను నేలకు ఆనించి అడుగు నుంచి తోసి, ఎత్తి, రెండుసార్లు విదిలించి బోర్లించండి. గుచ్చి లాగకండి. మంచు ఆరకముందు తీసిన పత్తైతే ఇంకాస్త ఎక్కువసార్లు తిరగేయాలి, ఎందుకంటే సీసీఐ (ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) కేంద్రంలో తేమ 8 శాతం దాకా ఉంటేనే పూర్తి మద్దతు ధర, ఆపైన కోత పడుతుంది, 12 దాటితే తీసుకోరు. మీటరు లేకపోతే గింజను కొరికి చూడండి, టక్కుమని పగిలితే ఆరినట్టు, మెత్తగా నలిగితే ఇంకో ఎండ కావాలి.

పళ్లకు జిగురు పెట్టలేదు ఎందుకని అడుగుతారేమో. ఎప్పుడో ఒకప్పుడు ఒక పన్ను విరుగుతుంది, జిగురు లేకపోతే దాన్ని పీకేసి కొత్తది దిగ్గొట్టడం ఐదు నిమిషాల పని. మొదటి విడతలోనే పది పళ్లు చేసుకుని, మిగిలిన మూడూ నూలు దారంతో పిడికి కట్టి ఉంచండి.