పాత మిలిటరీ బాయ్‌నెట్ దొరికితే ఎలా గుర్తుపట్టాలి?

పాత ఇనుప సామాన్ల కొట్లోనో, అటక మీద ట్రంకుపెట్టె అడుగునో తుప్పుపట్టిన పొడుగాటి కత్తి కనబడుతుంది. పిడికీ అలుగుకీ మధ్య అడ్డపట్టీ, ఆ పట్టీకి ఒక ఉంగరం. పిడి చివర చూస్తే చిన్న గాడి, పక్కన నొక్కే మీట. ఉంగరం తుపాకి మూతికి, గాడి దాని కింది కొక్కేనికి. అంటే అది బాయ్‌నెట్. కర్నూలు వైపు అమ్మే ఆసామి అయితే "పాలెగాళ్ల కాలం నాటిది సార్" అని రేటు పెంచేస్తాడు. ఆ మాట నిజమో కాదో కత్తే చెబుతుంది, చదవడం తెలియాలి అంతే.

ముందు తోమకండి

ఇంటికి తెచ్చీ తేగానే చింతపండు, ఇటుకపొడి, సాండ్‌పేపర్ పట్టుకుని కూర్చునేవాళ్లే ఎక్కువ. కత్తి తళతళలాడుతుంది గానీ దాని మీద కొట్టిన ముద్రలు అరిగిపోతాయి. పాత వస్తువులు సేకరించేవాళ్లు విలువ కట్టేది ఆ ముద్రలకే. మెత్తటి పాత గుడ్డతో దుమ్ము దులిపి ఆపండి. ఏటా దసరాకు ఆయుధపూజలో పెట్టిన కత్తి అయితే అక్షరాల సందుల్లో పసుపు, కుంకుమ గట్టిపడి ఉంటాయి. వెదురుపుల్ల మొన మీద ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేసి, నెమ్మదిగా తీయండి. సూది, బ్లేడు వద్దు.

టేపు పెట్టి కొలవండి

పిడి వదిలేసి అలుగు ఒక్కటే కొలవండి. మన వైపు ఎక్కువగా కనబడేది త్రీనాట్‌త్రీ రైఫిల్ బాయ్‌నెట్, 1907 నమూనా. దీని అలుగు 17 అంగుళాలు, అంటే సుమారు 43 సెంటీమీటర్లు. ఒకవైపే పదును, రెండు పక్కలా పొడుగాటి గాడి, పిడికి రెండు స్క్రూలతో బిగించిన చెక్కలు. ఉంగరం లోపలి కొలత దాదాపు 16.5 మిల్లీమీటర్లు.

అలుగు 12 అంగుళాలే ఉంటే కంగారుపడకండి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన దేశంలో పాతవాటిని పొట్టిగా కోశారు, గాడి లేకుండా 12 అంగుళాలవి కొత్తగానూ చేశారు. కోసినదాంట్లో గాడి దాదాపు మొన దాకా సాగుతుంది. అసలు పొడుగుదాంట్లో మొన ఇంకా కొన్ని అంగుళాలు ఉందనగా ఆగిపోతుంది.

చెక్కపిడి లేకుండా, చిన్న గొట్టానికి 8 అంగుళాల ఉక్కు ఊచ అతికినట్టు ఉంటే అది రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ నాలుగో నంబర్ రైఫిల్‌ది. మూడంచుల అలుగు, మెడ దగ్గర వంపు, మెలికల గాడి ఉన్న గొట్టం కనిపిస్తే మాత్రం 19వ శతాబ్దపు బాణీ.

ముద్రలు చదవండి

అసలు పని ఇదే, తీరిగ్గా చేయండి. అడ్డపట్టీకి ఆనుకుని అలుగు మొదట్లో పదునులేని చదును భాగం ఉంటుంది. రాత్రిపూట లైటు ఆపేసి, ఫోన్ టార్చ్‌ను ఏటవాలుగా ఆ భాగం మీదికి పట్టండి. ఎదురుగా వెలుగు పడితే కనబడని గీతలు పక్కనుంచి పడితే లేచొస్తాయి. ఇంకా మసకగా ఉంటే పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దండి, చిన్నప్పుడు రూపాయి బిళ్ల అచ్చు తీసినట్టే.

ఒకవైపు పైన కిరీటం, దాని కింద రాజు అక్షరాలు. ఈఆర్ అంటే 1910లో చనిపోయిన ఎడ్వర్డ్, జీఆర్ అంటే జార్జి. జీఆర్‌ఐ అని ఉంటే భారత్ కోసం చేసింది. ఆ కింద 1907 అని కనబడగానే "నూట పదిహేనేళ్లు దాటింది" అని సంబరపడతారు. అది నమూనా పేరు, తయారైన సంవత్సరం కాదు. దాని కింద చిన్నగా 8, 17 అని ఉంటే 1917 ఆగస్టు. అదీ పుట్టిన తేదీ. పక్కనే కంపెనీ పేరు ఉంటుంది: విల్కిన్సన్, శాండర్సన్, చాప్‌మన్, లేదా ఆస్ట్రేలియాలోని లిత్‌గో. ఆర్‌ఎఫ్‌ఐ అని ఉంటే బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీది.

రెండో వైపు తిప్పండి. మూడు గీతల బాణం గుర్తు అంటే సర్కారు సొత్తు. దాని కింద ఐ అక్షరం ఉంటే ఇండియా సర్కారుది. ఇంటూ గుర్తు అలుగును వంచి పరీక్షించాక కొట్టింది. మొనలు ఎదురెదురుగా ఉన్న రెండు బాణాలు కనిపిస్తే సైన్యం వదిలించుకుని అమ్మేసిన సరుకు.

పిడి చివర ఆరపార చిన్న రంధ్రం 1916 నుంచి వచ్చింది. అది లేకపోతే అంతకుముందుది, తర్వాత మార్చనిది. అడ్డపట్టీ కింది కొన కొక్కెంలా వంగి ఉంటే మామూలుగా 1913 దాకా తయారైనది. అలాంటివి చాలావరకు తర్వాత కోసేశారు, అందుకే ధర ఎక్కువ. ధర ఎక్కువ కాబట్టి కొక్కేన్ని వెల్డింగ్ పెట్టి అతికేవాళ్లూ ఉన్నారు. అతుకు చోట వేలితో తడిమి చూడండి.

ఒరను విడిగా చూడండి

ఒర, కత్తి ఒకే జంట అని అనుకోకండి, చాలాసార్లు తర్వాత జతకట్టినవే. 1907 నమూనా ఒర తోలుది. మూతి దగ్గర, కొన దగ్గర ఉక్కు తొడుగులు, మూతి తొడుగు మీద బెల్టు పట్టీకి తగిలించే బుడిపె ఉంటాయి. లోపల స్ప్రింగ్ రేకులు అలుగును పట్టి ఉంచుతాయి. కత్తి గలగలమంటే అవి విరిగాయనుకోవచ్చు. పన్నెండంగుళాల కత్తికి పదిహేడంగుళాల ఒర ఇచ్చి "సెట్" అంటే బేరం తగ్గించండి.

పాలెగాళ్ల మాటకొస్తే

ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసింది 1847లో. ఆ రోజుల్లో కంపెనీ సిపాయిల దగ్గర ఉన్నది గొట్టం తరహా మూడంచుల బాయ్‌నెట్. చెక్కపిడి, ఉంగరం, 1907 ముద్ర ఉన్నదాన్ని ఆయన కాలానికి అంటగడితే నవ్వి ఊరుకోవడమే.

కొనేముందు స్టేషన్‌లో అడగండి

2016 ఆయుధాల నిబంధనల షెడ్యూల్‌లో కత్తులు, బాకులతో పాటు బాయ్‌నెట్ పేరూ ఉంది. లైసెన్సు అవసరమా అన్నది మీ ప్రాంతానికి వర్తించే నోటిఫికేషన్‌ను బట్టి ఉంటుంది. కాబట్టి స్థానిక పోలీస్‌స్టేషన్‌లో గానీ కలెక్టరేట్‌లో గానీ కనుక్కున్నాకే డబ్బివ్వండి. మన సీమలో బస్సులో సంచిలోంచి కత్తి పిడి బయటపడితే ఎవరూ మ్యూజియం ముచ్చట అనుకోరు. నూరేళ్లు దాటింది పురావస్తువు కిందికి వస్తుంది, దాన్ని సొంతంగా విదేశాలకు పంపకూడదు.

దాచడం

అలుగుకు పల్చగా కుట్టుమిషన్ నూనె రాయండి. చెక్కల స్క్రూలు విప్పే ప్రయత్నం చేయకండి, తుప్పుకు తల విరుగుతుంది. తోలు ఒరకు కొబ్బరినూనె పట్టించకండి, కుట్లు మెత్తబడి పుచ్చుతాయి. ముఖ్యంగా కత్తిని ఒరలో పెట్టి దాచకండి. వానాకాలంలో తోలు తేమ పీల్చి అలుగును లోపల్లోపలే తినేస్తుంది. రెండూ పక్కపక్కన, విడివిడిగా, పిల్లలకు అందని చోట ఉంచండి.