బోరు వేయించే ముందు ఒక కాగితం రాసుకోండి
మా దేవరకొండ దిక్కు బోరు వేయించేవాళ్లు ముందురోజే కాగితం మీద రాసిపెట్టుకోండి: ఎన్ని అడుగుల దగ్గర ఆపాలి, ఖర్చు ఎంత దాటకూడదు. దాన్ని ఇంట్లోవాళ్ల చేతికివ్వండి.

బోరు బండి నడుస్తున్నప్పుడు రాతిపొడి తప్ప తడి కనబడకపోయినా, మనసు ‘తప్పు చేశాం’ అని ఒప్పుకోదు. ‘ఇంకో వంద అడుగులు పోతే జల పడుతుంది’ అంటుంది. పెట్టిన డబ్బుకూ కళ్లముందున్న దుమ్ముకూ పొత్తు కుదరని ఆ టెన్షన్ తగ్గాలని మనమే సాకులు వెతుక్కుంటాం. అమెరికా మనస్తత్వవేత్త లియాన్ ఫెస్టింగర్ 1957లో సిద్ధాంతంగా వివరించింది దీన్నే.

మా నాన్న మూడో బోరు అలాగే వేయించాడు. నీళ్లు ఎక్కడ పడతాయో పాయింట్ చూసినాయన మీద ఈగ వాలనివ్వలేదు. నాలుగోసారి కాగితం అమ్మ దగ్గరుంది. 400 అడుగుల దగ్గర ఆమే బండి ఆపించింది.