మగ్గం వైపు నుంచి గోథేని చదవడం ఎలా

బరంపురంలో మాది పట్టు నేసే ఇల్లు. బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు. నాన్న మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే పక్కనే నాయనమ్మ రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది. మొన్న మా మేనకోడలు వచ్చి, "అత్తా, ఫౌస్ట్ మూడుసార్లు మొదలెట్టాను, పాతిక పేజీలు దాటట్లేదు" అంది. ఫౌస్ట్ అంటే జర్మన్ కవి గోథే రాసిన పద్యనాటకం, సైతానుతో ఒప్పందం చేసుకున్న ఫౌస్ట్ అనే పండితుడి కథ. మేనకోడలికి చెప్పిన దారే ఇది.

పుస్తకం పక్కన పెట్టి ముందు ఒక ఉత్తరం చదవండి. 1779 మార్చి 6న గోథే ఆపోల్డా అనే ఊళ్లో ఉన్నాడు. అప్పటికి జర్మనీలోని వైమార్ సంస్థానంలో అధికారి. సైన్యంలోకి కుర్రాళ్లని ఎంపిక చేసే పని మీద ఊళ్లు తిరుగుతున్నాడు. రాత్రిళ్లు "ఇఫిగేనియా" నాటకం రాస్తున్నాడు. అది సాగలేదు. స్నేహితురాలు షార్లొట్ ఫాన్ స్టైన్‌కి ఇలా రాశాడు: ఇక్కడ నాటకం ముందుకి కదలడం లేదు, ఆపోల్డాలో మేజోళ్లు నేసేవాడెవడూ ఆకలితో లేనట్టు నా నాటకంలోని రాజు మాట్లాడాలట! మగ్గం ఆగితే పొయ్యి ఆగిన ఇళ్లు చూసినదాన్ని. ఆ ఒక్క వాక్యంతో ఈయన నాకు దగ్గరివాడయ్యాడు.

తర్వాత ఫౌస్ట్ తెరవండి, కానీ మొదటి పేజీ నుంచి కాదు. మొదటి భాగంలో ఒక కొత్త విద్యార్థి సలహా కోసం వచ్చే సీను ఉంది. ఫౌస్ట్ అంగీ తొడుక్కుని, పండితుడిలా నటిస్తూ మెఫిస్టో అనే సైతాను వాడితో మాట్లాడతాడు. ఆలోచన అనేది నేతగాడి పనితనం లాంటిదంటాడు: ఒక్క తొక్కుకి వేయి పోగులు కదులుతాయి, నాడెలు అటూ ఇటూ దూకుతాయి, దారాలు కంటికి కనపడకుండా పారుతాయి. ఇక తత్వవేత్త వచ్చి, ఇది ఇలాగే ఎందుకు జరగాలో రుజువు చేస్తాడట. శిష్యులంతా మెచ్చుకుంటారట, కానీ వాళ్లలో ఒక్కడూ నేతగాడు కాలేదట. ఈ చోటు పైకి చదవండి. ఇంట్లో నేత తెలిసిన పెద్దవాళ్లుంటే వాళ్లకి తెలుగులో చెప్పండి. నేను మా నాన్నకి చెప్పాను. చేతిలో నాడె ఆపి, "కాలి కింద పని తెలిసినవాడే రాశాడు" అన్నారు.

మూడోది గ్రెట్చెన్ రాట్నం పాట. ఇక్కడ తొందరపడకండి, వారం పట్టినా పరవాలేదు. ఫౌస్ట్‌ని ప్రేమించిన పిల్ల ఒంటరిగా గదిలో నూలు వడుకుతూ పాడుకుంటుంది: నా నెమ్మది పోయింది, గుండె బరువెక్కింది. నాలుగేసి పంక్తుల పది చరణాలు. దాన్ని షూబర్ట్ అనే సంగీతకర్త 1814లో, పదిహేడేళ్ల వయసులో పాటగా కట్టాడు. యూట్యూబ్‌లో దొరుకుతుంది, భాష రాకపోయినా వినండి. పియానోలో రాట్నం తిరుగుతూనే ఉంటుంది. "అతని ముద్దు" అన్న మాట దగ్గర ఆగిపోతుంది. మళ్లీ తిరగడానికి తడబడుతుంది. రాట్నం చప్పుడు ఆగిందంటే నాయనమ్మ ఏదో బాధ తలుచుకుంటోందని మాకు చిన్నప్పుడే తెలుసు.

నాటకంలో గ్రెట్చెన్ చివరికి తన పసిబిడ్డను చంపి, మరణశిక్షకి ఎదురుచూస్తుంది. ఆ పిల్ల కథ ఉత్త ఊహతో అల్లింది కాదని గుర్తుంచుకోండి. 1772 జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో సుసన్నా బ్రాంట్ అనే పనిమనిషికి, పసిబిడ్డను చంపిందని, తల నరికే శిక్ష వేశారు. గోథే అప్పుడు అదే ఊళ్లో కుర్ర లాయరు. ఇంకో సంగతీ దాచకూడదు: 1783లో వైమార్‌లో అలాంటి నేరానికే ఇంకో తల్లి విషయం వచ్చినప్పుడు, మరణశిక్ష ఉంచాలన్న వైపే ఆయన చెయ్యెత్తాడు. గ్రెట్చెన్ మీద అంత జాలితో రాసిన చెయ్యి అది. నేను దీన్ని ఇప్పటికీ క్షమించలేదు, చదవడమూ మానలేదు.

తేదీలు ఒక కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టుకోండి, ఎక్కువ అక్కర్లేదు: పుట్టింది 1749, వెర్థర్ నవల 1774, వైమార్ చేరింది 1775, ఇటలీలో 1786 నుంచి 1788 దాకా, ఫౌస్ట్ మొదటి భాగం 1808, చనిపోయింది 1832 మార్చి 22. ఇరవైల్లో పడుగు వేసిన ఫౌస్ట్‌ని ఎనభై దాటాక మగ్గం మీంచి దించాడు.

ఇప్పుడు మొదటి పేజీకి రండి. నాటకశాలలో యజమాని, కవి, విదూషకుడు వాదించుకుంటారు. మనకిది కొత్త కాదు, శాకుంతలంలో సూత్రధారుడు నటితో మాట్లాడే ప్రస్తావన గుర్తుకొస్తుంది. గోథే శాకుంతలాన్ని జర్మన్‌లో చదివి 1791లో దాని మీద నాలుగు పంక్తుల పద్యం చెప్పాడు. ఈ ప్రవేశిక ఆలోచన అక్కణ్ణుంచే వచ్చిందని పండితులు చాలామంది అంటారు. ఇంగ్లీషులో బేయార్డ్ టేలర్ అనువాదం నెట్‌లో ఉచితంగా ఉంది, మూలం ఛందస్సులు నిలిపాడు. భాష కాస్త పాతది. రోజుకి రెండు వందల పంక్తులు చాలు, మొదటి భాగం 4,612 పంక్తులే.

రెండో భాగం వెంటనే ముట్టుకోకండి. నేను ముట్టుకుని ఏడాది పోగొట్టుకున్నాను. అయిదో అంకం మాత్రం విడిగా చదవండి. సముద్రాన్ని వెనక్కి నెట్టి నేల సంపాదిస్తున్న ముసలి ఫౌస్ట్‌కి, ఫిలేమోన్, బౌకిస్ అనే ముసలి దంపతుల గుడిసె, వాళ్ల నిమ్మళమైన చెట్ల నీడ అడ్డొస్తాయి. వాళ్లకి వేరే చోటిస్తానంటాడు. తెల్లారేసరికి అక్కడ బూడిద ఉంటుంది. మేనకోడలు నిన్న అక్కడిదాకా వచ్చి పుస్తకం మూసి, "అత్తా, ఆ ముసలామె పేరు మళ్లీ చెప్పు" అంది.